మనసులో చదువుకోవడం

ఆ పిల్లకి పుట్టినప్పుడు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, వీధి మొత్తానికి ఆమె రేడియో. సోఫాలు, కుర్చీల గద్దెలు, కారు సీట్లు కుట్టే కొట్టు వాళ్ళది. ముందు కొట్టు, వెనక ఇల్లు. కొట్టులో గల్లా బల్ల మీద పాత కంప్యూటరు ఒకటుంది. వచ్చినవాళ్ళకి గుడ్డల రంగులు, సోఫాల నమూనాలు చూపించడానికి కొన్నది. పిల్ల పై తరగతికి వచ్చి, నెట్ చూడనిదే హోంవర్కు తెమలని రోజులు వచ్చాక, వాళ్ళమ్మ ఆ తెరను వీధి వైపు తిప్పి పెట్టి, "ఇక్కడ కూర్చుని చూసుకో, నలుగురి కళ్ళముందూ" అంది.

అంతవరకూ ఫరవాలేదు. చాలా ఇళ్ళలో ఆడపిల్లకి ఆపాటి కాపలా ఉండనే ఉంటుంది. కాకపోతే అమ్మ కుట్టుమిషను ముందు కూర్చుందంటే తల ఎత్తడానికి కుదరదు. రెక్సిన్ కుట్టేటప్పుడు చూపు పక్కకి పోతే సూది వేల్లోకి దిగుతుంది. అందుకని కళ్ళకి కుదరని కాపలా చెవులకి అప్పగించింది. "ఏది తెరిస్తే అది పైకి చదువు. నాకు వినపడాలి" అని చెప్పింది.

అలా మొదలైంది. రేడియో భూకంపాలు ఎందుకొస్తాయో చదివేది, తాబేళ్ళు ఎన్నాళ్ళు బతుకుతాయో చదివేది, బీజగణితం లెక్కలు చదివేది, మధ్యలో అడ్డొచ్చే మోకాళ్ళనొప్పుల మందు ప్రకటన కూడా చదివేది. అది వదిలేస్తే గొంతు ఆగుతుంది. గొంతు ఆగితే అమ్మ మిషను ఆగుతుంది. మిషను ఆగితే "ఏం చూస్తున్నావే?" అనే ప్రశ్న వస్తుంది. గద్దెల్లో దూది, పీచు కూరే ముసలాయన్ని అందరూ దూది తాత అనేవారు. ఆయన మాత్రం తాబేళ్ళ సంగతి వదిలేసి, "ఆ మోకాళ్ళ మందు ముక్క ఇంకోసారి చదువమ్మా" అని అడిగేవాడు.

స్నేహితురాళ్ళు పంపిన కబుర్లు కూడా పైకి చదవాల్సిందే. ఎవరికి ఎవరంటే ఇష్టమో, ఏ టీచరు నడక ఎలా ఉంటుందో, అన్నీ సోఫా కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళ చెవిన పడ్డాయి. కొన్నాళ్ళకి స్నేహితురాళ్ళు కబుర్లు పంపడం మానేశారు. ఆ పిల్ల నోట్లో నువ్వుగింజ నానదని క్లాసులో పేరు పడిపోయింది. నానబెట్టుకునే వీలు ఆమెకి ఎవరిచ్చారు గనక.

ఇక దొర సంగతి. దొర ఆమె కవల. ఆమెకంటే కాస్త ముందు భూమ్మీద పడ్డాడు, ఆ కాస్తకే ఇంట్లో పెద్దకొడుకు హోదా వచ్చేసింది. వాడికి సొంత ఫోను ఉంది. వెనక గది కూడా పేరుకి ఇద్దరిదీ గానీ, స్కూలు నుంచి రాగానే వాడు లోపలికి వెళ్ళి తలుపు వేసుకునేవాడు. ఆ తలుపు ముందు నుంచి నడిచేటప్పుడు అమ్మ అడుగుల చప్పుడు కూడా తగ్గేది. "వాడు చదువుకుంటున్నాడు" అని గుసగుసగా చెప్పేది. వాడు చూసేవి బంతాటలు, కుర్చీల మీంచి, గోడల మీంచి మనుషులు ధడేలున పడే వీడియోలు. ఆ సంగతి రేడియోకి తెలుసు. బట్టలు తీసుకోవడానికి వెళ్ళినప్పుడల్లా చూసేది.

వాణ్ణి చూస్తే ఆమెకి కడుపు మండిపోయేది. ఫోను ఉన్నందుకు కాదు. ఫోను పాతబడుతుంది, పగులుతుంది, పోతుంది. ఆమె కుళ్ళంతా ఆ తలుపు మీద. లోపల వాడు ఏం చేస్తున్నాడో ఇంకెవరికీ తెలియదు, తెలుసుకోవాలని ఎవరికీ లేదు. నవ్వితే ఎందుకు నవ్వావని ఎవరూ అడగరు. తనకి నవ్వొస్తే ముందు నవ్వొచ్చిన వాక్యం చదివి వినిపించి, తర్వాత నవ్వాలి. అప్పటికి నవ్వు ఎక్కడుంటుంది.

"వాణ్ణి కూడా పైకి చదవమనమ్మా" అని ఒకసారి అడిగింది.

"వాడికేం, మగపిల్లాడు" అంది అమ్మ దారం కొరుకుతూ. "వాడు చెడిపోతే వాడే చెడిపోతాడు."

"మరి నేను?"

"నువ్వు చెడిపోతే నన్నంటారు."

ఈ మాటలన్నీ నాన్న ముందే జరిగేవి. ఆయన నోట్లో ఎప్పుడూ మేకులుంటాయి. ఒక్కొక్కటే తీసి చెక్కలోకి దిగ్గొడుతుంటాడు. నోరు తెరిస్తే మేకులు రాలిపోతాయి కాబట్టి ఇంటి వ్యవహారాల్లో ఆయన మాట్లాడకపోవడం ఎవరికీ తప్పుగా తోచేది కాదు.

స్కూల్లో సోషల్ టీచరు ఏదో పెద్ద చదువు చదువుతోంది. పిల్లలు నెట్ ఎలా వాడుతున్నారో తెలుసుకోవడం ఆమె చదువులో భాగమట. ఒకరోజు పాఠం ఆపి, చేతులెత్తమంది. సొంత ఫోను ఎవరికుందని అడిగితే మగపిల్లల వైపు బెంచీలన్నీ చేతులే. ఆడపిల్లల వైపు ఆఫీసర్ల కూతుళ్ళు, డాక్టర్ల కూతుళ్ళు మాత్రమే ఎత్తారు. ఆటలు ఎవరు ఆడతారంటే అటు నుంచి గోల. ఇంట్లో అడిగి వాడేదెవరంటే ఇటు దాదాపు అన్ని చేతులూ లేచాయి, అటు ఒక్కటీ లేవలేదు. నెట్‌లో చూసింది అర్థం కాకపోతే ఇంట్లో అడగడానికి మనిషి ఉన్నదెవరికని అడిగినప్పుడు మాత్రం రెండు వైపులా చాలావరకు చేతులు లేవలేదు. పళ్ళ డాక్టరు కూతురి చెయ్యి ఇంకా పైనే ఉంది.

రేడియో దేనికీ చెయ్యి ఎత్తలేదు. ఏ ప్రశ్నా ఆమెకి సరిపోలేదు. టీచరు అది గమనించి, "నువ్వు ఎలా వాడతావమ్మా?" అంది.

"గట్టిగా మేడమ్" అంది రేడియో.

క్లాసంతా ఘొల్లుమంది. దొర బెంచీ మీద తల వాల్చుకుని మరీ నవ్వాడు. టీచరుకి అర్థం కాలేదు, రేడియోకి వివరించే ఓపిక లేదు. నవ్వని పిల్ల ఒక్కతే, పళ్ళ డాక్టరు కూతురు. నవ్వనందుకు కూడా రేడియోకి ఆమె మీద ఒళ్ళు మండింది. కడుపు నిండినవాళ్ళకి జాలిపడే తీరిక బాగానే ఉంటుంది అనుకుంది.

ఆ పిల్ల మంచిదే. అదే రేడియో బాధ. చెడ్డదైతే తిట్టుకుని ఊరుకోవచ్చు. ఒకసారి ఇద్దరూ కలిసి చెయ్యాల్సిన ప్రాజెక్టు ఉంటే రేడియో వాళ్ళింటికి వెళ్ళింది. ఆ పిల్లకి సొంత గది, సొంత బల్ల, మోకాళ్ళ మీద పెట్టుకునే కంప్యూటరు. ఇద్దరూ చూస్తుంటే తలుపు మీద చిన్న చప్పుడైంది. ఆ పిల్ల "రా అమ్మా" అంది. అప్పుడు వాళ్ళమ్మ లోపలికొచ్చి, పాలగ్లాసులు బల్ల మీద పెట్టి, తెర వైపు చూడకుండా, "ఏమైనా కావాలంటే నాన్నని అడగండి, ఖాళీగానే ఉన్నారు" అని చెప్పి వెళ్ళిపోయింది.

సొంత ఇంట్లో, సొంత కూతురి గదికి, తల్లి తలుపు తట్టింది. రేడియో ఆ పాలు తాగింది గానీ రుచి తెలియలేదు. ఆ రోజంతా అదే చప్పుడు ఆమె చెవిలో ఉంది. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు, కూర అయితే రుచి చూసి మర్చిపోవచ్చు. దీన్ని ఏం చేసుకోవాలో ఆమెకి తెలియలేదు.

ఆ ఏడాది చివర్లో పెద్ద కాలేజీ ఒకటి పరీక్ష పెడుతోందని తెలిసింది. గెలిచినవాళ్ళకి చదువు, హాస్టలు అన్నీ కాలేజీవే. లేకపోతే దగ్గర్లో ఉన్న కాలేజీలో ఏ సీటు మిగిలితే అందులో చేరాలి, సాయంత్రానికి మళ్ళీ ఈ గల్లా బల్ల దగ్గరికే రావాలి. రేడియోకి ఆ సీటు కావాలి. తిండి కంటే ఎక్కువగా కావాలి. హాస్టల్లో గదికి ఇద్దరేనట, రాత్రి దాకా చదువుకునే హాలు వేరే ఉందట. ఎవరికీ వినిపించక్కర్లేదు. ఆ హాలు బొమ్మను కంప్యూటర్లో తెరిచి, బొమ్మకి చదవడానికి అక్షరాలు ఉండవు కాబట్టి, మిషను ఆగేదాకా అలా చూస్తూ కూర్చుంది.

పరీక్ష ఇంటి నుంచే రాయాలి. కెమెరా ముందు కూర్చోవాలి. గదిలో రెండో మనిషి ఉండకూడదు. మాట వినపడకూడదు. వినపడితే హెచ్చరిక వస్తుంది, హెచ్చరికలు మించితే పరీక్ష దానంతటదే మూసుకుపోతుంది. కవలలిద్దరికీ పరీక్ష ఒకే రోజు, ఒకే పూట పడింది.

"గది నాకివ్వమ్మా" అంది రేడియో. "నాకు సీటు రావాలి."

"వాడికి రావద్దా?" అంది అమ్మ. "కంప్యూటరు కొట్లో ఉంది, నువ్వక్కడ రాయి. ఫోను గదిలో ఉంది, వాడక్కడ రాస్తాడు. ఎవరి చోటు వాళ్ళదే. నీ కోసం ఆ పూట కొట్టు మూసేస్తాం, షట్టరు దించేస్తాం, సరేనా? ఈగని కూడా వాలనివ్వను."

వినడానికి న్యాయంగానే ఉంది. ఎవరి చోటు వాళ్ళదే అన్న మాటే ఆమెకి గుచ్చుకుంది. ఆ చోట్లు పంచిందెవరు.

పళ్ళ డాక్టరు కూతురికి ఇదెలాగో తెలిసింది. దొరే చెప్పి ఉంటాడు. "మా ఇంటికి వచ్చి రాయి" అంది. "నేను నా గదిలో రాస్తాను, నువ్వు నాన్న గదిలో రాయి. అమ్మ ఎవర్నీ రానివ్వదు."

ఆ మాట వినగానే రేడియో కళ్ళ ముందు ఆ ఇల్లు కదిలింది. అక్కడ కూర్చుంటే బుర్ర ప్రశ్నల మీద ఉండదు, గోడల మీద, కర్టెన్ల మీద ఉంటుంది. సీటొచ్చాక ఆ పిల్ల దయవల్ల వచ్చిందని తనకి తనే చెప్పుకోవాలి. "మా అమ్మ ఒప్పుకోదు" అంది. అమ్మని అడగనే లేదు. కుళ్ళు అలాంటిది, ముందు సొంత ఇంటి తలుపుకే గడియ పెడుతుంది.

పరీక్ష రోజు పొద్దున్నే నాన్న షట్టరు దించాడు. కొట్టులో సగం కుట్టిన సోఫా ఒకటి ఉంటే, దాన్ని ఆయనా దూది తాతా మోసుకొచ్చి వీధిలో, షట్టరు ముందు వేశారు. అమ్మ, నాన్న, తాత దాని మీద వరసగా కూర్చున్నారు. స్ప్రింగులు ఇంకా కప్పలేదు, కదిలితే కిర్రుమంటుందని తాత ఊపిరి కూడా ఆచితూచి పీల్చాడు. పాత సామాన్ల బండివాడు కేక వెయ్యబోతే అమ్మ పరుగున వెళ్ళి వాడి నోటికి చెయ్యి అడ్డం పెట్టినంత పని చేసింది. ఇదంతా తర్వాత తాత చెప్పాడు.

లోపల రేడియో మొదటి ప్రశ్న చూసింది. మనసులో చదువుకుంది. అక్షరాలు కనపడ్డాయి, మాటలూ కనపడ్డాయి, అర్థం మాత్రం రాలేదు. మళ్ళీ చదివింది. వీధిలో పోయే బస్సు మీద రాతలా కళ్ళముందు నుంచి వెళ్ళిపోయింది తప్ప లోపలికి దిగలేదు. స్కూలు పరీక్షల్లో ఆమె గొణుక్కుంటూ రాసేది. టీచర్లకి అది అలవాటే, చివరి బెంచీలో గోడ పక్కన కూర్చోబెట్టి, "నెమ్మదిగా గొణుక్కో" అనేవారు. మనుషులు సర్దుకుపోతారు. కంప్యూటరుకి ఆ మర్యాద తెలియదు.

పెదవులు బిగించింది. ప్రశ్న ముందుకి సాగలేదు. గడియారం సాగుతోంది. పక్క గదిలో దొర ఈపాటికి ఎన్ని రాసి ఉంటాడో అనిపించింది. వాడు మనసులోనే చదువుకుంటాడు, పుట్టిన దగ్గర్నుంచీ వాణ్ణి ఎవరూ చదివి వినిపించమని అడగలేదు కదా. ఆ ఆలోచన రాగానే కోపం, కోపం వెంట నోరు కదిలింది. ప్రశ్న పైకి వచ్చేసింది. పైకి రాగానే టక్కున అర్థమైపోయింది. జవాబు నొక్కింది. తెర మీద ఎర్రగా హెచ్చరిక పడింది.

తర్వాతి ప్రశ్న చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని చదివింది. చేతి సందుల్లోంచి గొంతు జారింది. ఇంకో హెచ్చరిక.

బయట సోఫా మీద అమ్మ నాన్న మోచేతిని తాకి, "మొదలుపెట్టింది" అంది. షట్టరు సందులోంచి కూతురి గొంతు సన్నగా వస్తోంది. "తడబాటు చూశావా, ఎక్కడా లేదు" అన్నాడు నాన్న. నోట్లో మేకులు లేవు గనక ఆ రోజు మాట వచ్చింది. దూది తాత కళ్ళు మూసుకుని తల ఊపుతున్నాడు. ఆ ముగ్గురూ కాపలా కూర్చున్నది నిశ్శబ్దానికే. ఆ పిల్ల గొంతు కూడా చప్పుడే అవుతుందని ఆ ముగ్గురిలో ఒక్కరికీ తోచలేదు. వాళ్ళ కొట్టులో నిశ్శబ్దమంటే అదే, సుత్తీ మిషనూ ఆగి, ఆమె ఒక్కతీ చదువుతూ ఉండటం.

కాసేపటికి గొంతు ఆగింది. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. షట్టరు సగం లేచి, దాని కింద నుంచి రేడియో వంగి బయటికి వచ్చింది.

"అయిపోయిందా? ఇంత తొందరగానా?" అంది అమ్మ.

"మూసేసింది."

"ఎవరు?"

"పరీక్ష. గొంతు వినపడిందని."

అమ్మ కంగారుగా లేచింది. సోఫా కిర్రుమంది. "ఎవరి గొంతు? మేం నోరెత్తలేదే. తాత దగ్గు కూడా మింగేశాడు."

"నాది."

"నీదైతే ఏం?" అంది అమ్మ. "నీ పరీక్షలో నీ గొంతు కాక ఇంకెవరి గొంతుంటుంది?"

రేడియోకి ఏడుపు రాలేదు. ఏడుపొస్తే బాగుండేది. "నువ్వే చేశావు" అంది. "పైకి చదువు, పైకి చదువు అని నా నోరు పాడుచేశావు. నాకిప్పుడు కళ్ళతో చదవడం రాదు. వాణ్ణి ఒక్కరోజైనా అడిగావా? వాడు లోపల ఏం చూస్తాడో తెలుసా నీకు? మనుషులు కుర్చీల మీంచి పడుతుంటే చూస్తాడు. వాడికి తలుపు, నాకు వీధి."

నాన్న షట్టరు పూర్తిగా పైకెత్తాడు. అమ్మ అన్నది ఒక్కటే. "డాక్టరు గారింట్లో గది ఇస్తామన్నారట గదా, దొర చెప్పాడు. నన్నడిగితే పంపేదాన్ని."

కుక్క కాటుకి చెప్పుదెబ్బలా తగిలింది ఆ మాట. పరీక్ష టైము ముగిశాక వెనక గది తలుపు తీసుకుని దొర ఒళ్ళు విరుచుకుంటూ వచ్చాడు. "బానే ఉంది పరీక్ష" అన్నాడు. "ఏంటి, అందరూ రోడ్డు మీద కూర్చున్నారు?"

దొరకి సీటొచ్చింది. పళ్ళ డాక్టరు కూతురికీ వచ్చింది. కొట్టుకి వచ్చిన ప్రతివాళ్ళూ దొర భుజం తట్టారు. రేడియో చూస్తుండగా తట్టాలా వద్దా అని ఒక్క క్షణం ఆగి, తర్వాత తట్టారు. ఆ ఒక్క క్షణం ఆమెకి తట్టడం కంటే కష్టంగా ఉండేది. రెండు పూటలా అన్నం కంచంలో అలాగే ఉండిపోయేది. వాడు వాడి మామూలు మొహంతో తిరుగుతుంటే, ఆ మొహం ఒక్కసారైనా ముడుచుకుంటే చూడాలని ఉండేది. కవల కదా, లోపలికి వచ్చిన ఆలోచనకి సిగ్గుపడాలి. పడలేదు.

మిగిలిన సీట్లకి ఇంకో పరీక్ష ఉందని కాలేజీవాళ్ళు చెప్పారు. ఆ సాయంత్రం దొర ఫోను తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. "తీసుకో" అన్నాడు. "గది కూడా వాడుకో. నాకు నాన్న కొత్తది కొంటానన్నాడు."

వాడు ప్రేమగానే ఇచ్చాడు. అయినా ఆమెకి కళ్ళలో నిప్పులు పోసినట్టయింది. ఇన్నేళ్ళు కడుపు మండించిన తలుపు, వాడికి అక్కర్లేకపోయాక, వాడి పొట్టి అయిపోయిన చొక్కాలాగా ఆమెకి దిగింది. వద్దనాలని నాలిక చివరిదాకా వచ్చింది. సీటు గుర్తొచ్చి తీసుకుంది.

గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఎవరూ ఏమీ అనలేదు. పెన్సిలు పళ్ళ మధ్య పెట్టుకుని చదివింది. నాలిక కదిలింది. నాలిక మడిచిపెట్టి చదివింది. గొంతులో గురగుర వచ్చింది. చదివిన పేరా ముగిసేసరికి దవడ నొప్పి తప్ప తలలో ఏమీ మిగల్లేదు. ఇన్నాళ్ళూ తలుపు దొరికితే చాలనుకుంది. తలుపు దొరికింది, దాని వెనక ఏం చెయ్యాలో మాత్రం రాలేదు. అవతల కొట్టులో సుత్తి చప్పుడు, మిషను చప్పుడు తప్ప ఏమీ లేదు. ఎవరో కస్టమరు, "ఏం, రేడియో పాడయిందా?" అని అడగడం, ఎవరూ జవాబు చెప్పకపోవడం వినపడింది.

పరీక్ష ఇంకా కొన్ని రోజులుందనగా, ఒక మధ్యాహ్నం మిషను ఆగింది. అడుగుల చప్పుడు తలుపు దాకా వచ్చి ఆగిపోయింది. రేడియో ఎదురుచూసింది. పిలుపు లేదు, అడుగులు వెనక్కీ పోలేదు. ఒళ్ళు మండి, లేచి తలుపు ఒక్కసారిగా తీసింది. అమ్మ, చెవి తలుపుకి ఆనించి నిలబడ్డ మనిషి, తూలి గుమ్మం పట్టుకుంది. చేతిలో సగం కుట్టిన గద్దె కవరు ఉంది.

"ఇక్కడికి కూడా వచ్చావా కాపలాకి?" అంది రేడియో.

"కాపలాకి కాదు."

"మరి?"

అమ్మ కవరు అటూ ఇటూ తిప్పింది. తప్పు చేసి దొరికిన పిల్లలా ఉంది. "మొన్న పరీక్షకి ముందు చదువుతూ సగంలో ఆపేశావే," అంది. "సముద్రం అడుగున తీగలుంటాయి, నెట్టంతా వాటిల్లోంచే వస్తుంది, ఒకటి తెగిపోతే ఓడ వేసుకుని వెతకడానికి వెళ్ళారు అని. కొక్కెం కిందికి వదిలారు అన్నావు. అక్కడ ఆపేశావు. దొరికిందా వాళ్ళకి?"

రేడియో చేతిలోని ఫోను కిందికి దించింది.

"దొరని అడిగాను," అంది అమ్మ. "నీకెందుకమ్మా అన్నాడు. వాడు వెళ్ళిపోయేవాడు, వాణ్ణేం అంటాం."

"నన్ను కనిపెట్టుకుని ఉండటానికి కదా చదవమన్నావు?"

"మొదట్లో అందుకే." అమ్మ గడప మీద కూర్చుండిపోయింది. నేలకేసి చూస్తూ చెప్పింది. "మా ఇంట్లో మీ మేనమామ ఒక్కడే చదువుకున్నాడు. సాయంత్రం దీపం దగ్గర పుస్తకం పెట్టుకునేవాడు, నేను పక్కనే కూర్చునేదాన్ని. వాడు మనసులో చదువుకునేవాడు. ఒక్క ముక్క బయటికి వచ్చేది కాదు. మధ్యలో నవ్వేవాడు. ఎందుకు నవ్వావురా, కాస్త పైకి చదవరా అంటే, నీకెందుకే అనేవాడు. వాడి నోరు నొక్కి తెరవాలనిపించేది. అంత కుళ్ళుగా ఉండేది నాకు. కూడబలుక్కుని కొలతలు చదవడం ఇక్కడికొచ్చాకే నేర్చుకున్నాను."

మిషను దగ్గర ఎవరో ఏదో అడిగారు. నాన్న ఏదో సమాధానం చెప్పాడు. అమ్మ లేవలేదు.

"నువ్వు చదువుతుంటే వినడం మరిగాను. కాపలా అంటే నువ్వు చదివి తీరాలి. నాకు వినాలనుంది అంటే చదువుతావా, నీకెందుకే అంటావా, ఏమో. అడగడానికి సిగ్గేసింది. నీ వేలు కదిలితే లోకమంతా వచ్చి ముందు కూర్చుంటుంది. కూతుర్ని చూసి కుళ్ళుకునే తల్లి ఎక్కడైనా ఉంటుందా? నేనున్నాను. నీ నోరు పాడవుతుందని మాత్రం నిజంగా తెలియదమ్మా."

రేడియో గుండెలో ఏదో కదిలింది. దాని పక్కనే పాత మంట కూడా కదిలింది. ఎవరి కుళ్ళు వాళ్ళు తీర్చుకున్నారు, మధ్యలో పోయింది తన సీటు. తీగ దొరికిందో లేదో ఆమెకి తెలుసు. ఓడవాళ్ళు దాన్ని కొక్కేనికి తగిలించి పైకి లాగి, రెండు కొసలూ అతికి మళ్ళీ నీళ్ళలోకి వదిలారు. ఒక్క మాటలో చెప్పెయ్యచ్చు. అమ్మ తలెత్తి నోటివంకే చూస్తోంది.

"నీకెందుకే అని నేననను" అంది రేడియో. "కానీ ఇప్పుడు చెప్పను. పరీక్ష అయ్యాక."

"ఒక్క ముక్క" అంది అమ్మ. "దొరికిందా లేదా, అంతే."

"వద్దు."

అమ్మ గడప మీంచి లేచేదాకా ఆగి, తలుపు వేసి గడియ పెట్టుకుంది. ఫోను తెరిచి పేజీ మొదలుపెట్టింది. తలుపు అవతల అమ్మ ఇంకా నిలబడే ఉందని తెలుస్తోంది. ఇందులో ఒక్క అక్షరం కూడా ఆమె చెవిన పడకూడదు, ఇది నాది, అనుకుంటూ చదివింది. ఒక్కో వాక్యం లోపలికి దిగుతూ వచ్చింది. మధ్యలో ఒకచోట నవ్వు కూడా వచ్చింది. నవ్వి, ఎవరికీ చెప్పకుండా కింది వాక్యానికి వెళ్ళింది. పేజీ చివరికి వచ్చాక గానీ ఆమెకి తెలియలేదు, పెదవి ఒక్కసారి కూడా కదల్లేదని. వాళ్ళ మేనమామ కూడా ఇలాగే చదివి ఉంటాడు.